అలల గడ్డ మీద అత్తమ్మ

ముప్పై దాటేదాకా నేను సముద్రం చూడలేదు. చూడలేదన్న బాధ కూడా లేదు. మాది తెలకపల్లి పక్కన ఒక పల్లె. నా చిన్నతనంలో నీళ్లు ట్యాంకర్లో వచ్చేవి. వాటి కోసం నిలబడేవాళ్లమే తప్ప, వాటి మీద నిలబడొచ్చని ఎవరికీ తోచలేదు.

నర్సింగ్ చదివి, వనపర్తిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొన్నేళ్లు పనిచేశాక మాల్దీవుల్లో ఉద్యోగం దొరికింది. దేశం పేరు చెబితే మా ఊళ్లో అందరూ సినిమావాళ్లు పోయే చోటే కదా అన్నారు. సినిమావాళ్లు పోయే దీవులు వేరు. నాకు ఇచ్చింది దక్షిణం కొసన, రాజధానిలో ఇంకో విమానం ఎక్కి, అది దిగి పడవ ఎక్కితే వచ్చే చిన్న దీవి. ఈ చివర చేతిలోకి తీసుకున్న టీ ఆ చివరకు నడిచేసరికి ఇంకా వేడిగానే ఉంటుంది. ఒక మసీదు, ఒక బడి, కొన్ని కొట్లు, ఒక ఆరోగ్య కేంద్రం. ఆ కేంద్రంలో ఒక డాక్టరు, నేను, ఇంకో నర్సు.

అక్కడి రోగులు రెండు రకాలు. జ్వరాలూ బీపీలూ ఉన్న దీవివాళ్లు ఏడాది పొడవునా వస్తారు. ఫిబ్రవరి వస్తే రెండో రకం మొదలవుతుంది. వీళ్లు తెల్లగా, పొడుగ్గా, ఎండకు ముక్కులు కాలి, వీపుల నిండా గీతలతో వస్తారు. సర్ఫింగ్ చేసేవాళ్లు. దీవికి అవతల పగడపు దిబ్బ ఒకచోట తెగి, బయటి సముద్రం లోపలికి వచ్చే దారి ఉంది. ఆ తెగిన అంచు మీద అల లేచి, గొట్టంలా చుట్టుకుంటూ ఒక పక్కకు విరుగుతుంది. ఆ అల కోసమే ఆస్ట్రేలియా నుంచి, బ్రెజిల్ నుంచి, జపాన్ నుంచి మనుషులు విమానాలూ పడవలూ మారి వస్తారు. దాని మీద నిలబడేది తుమ్ము వచ్చి పోయేంతసేపు. ఆ తర్వాత పడతారు. పడినచోట నీళ్లు మోకాలి లోతు ఉంటాయి, నీళ్ల కింద పగడం ఉంటుంది. పగడం చూడటానికి పువ్వులా ఉన్నా తగిలితే కొబ్బరి తురిమే పీటలా ఉంటుంది.

తురుమంతా అయ్యాక నా దగ్గరికి వస్తారు. గాయంలో పగడపు నలుసు ఒక్కటి మిగిలినా చీము పడుతుంది కాబట్టి నేను మెత్తటి బ్రష్షుతో, సెలైన్‌తో వీపులు తోముతాను. వాళ్లు పళ్లు బిగబట్టి థాంక్యూ సిస్టర్ అంటారు. కట్టు ఎప్పుడు తడపొచ్చని అడుగుతారు. గాయం మానేదాకా వద్దని చెబితే బుద్ధిగా తల ఊపుతారు. సాయంత్రం అదే కట్టుతో అలలో కనిపిస్తారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత కట్టు మీద ప్లాస్టిక్ కవరు కూడా నేనే చుట్టి పంపడం మొదలుపెట్టాను.

ఆ దీవికి మా అత్తమ్మ వచ్చింది.

మా అత్తగారి ఊరు గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున. ఆమె పుట్టిల్లు ఇంకా విచిత్రం. నది నడుమ ఒక దీవి మీద ఉంది, ఊరికి ఊరే. అక్కడ దీవిని గడ్డ అంటారు. పెళ్లయ్యాక ఆమె గడ్డ నుంచి ఒడ్డుకు వచ్చింది, అంతే తేడా. మా మామ పుట్టి నడిపేవాడు. వెదురుతో గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన బుట్ట పడవ అది. మనుషుల్ని, మేకల్ని, సైకిళ్లని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చేవాడు. నా పెళ్లికి ముందే షుగరు జబ్బుతో పోయాడు. నేను ఆయన్ని గోడ మీది ఫొటోలోనే చూశాను. ఫొటోలో ఆయన కొంచెం పక్కకు చూస్తుంటాడు.

మా ఆయన బోరు బండి నడుపుతాడు. ఎండలు మొదలైతే మనిషి ఇంట్లో కనిపించడు. నేను సెలవుకు వచ్చి తిరిగి బయల్దేరేటప్పుడు ఆయనకు తీరదని, తన బదులు వాళ్లమ్మను వెంట పంపాడు. ఆమెకూ ఒక కారణం ఉంది. కోడలు సముద్రంలో ఎక్కడో ఉందట, అసలు ఉందో లేదో అని ఊళ్లో కొందరు అంటున్నారు.

"ఒక్కపారి సూసొస్తే ఒక్కొక్కరి నోరు మూయిస్త. నెలకంటె ఎక్కువ మాత్రం ఉండ" అంది. టూరిస్టు వీసా కూడా నెలకే ఇస్తారు కాబట్టి ఇద్దరి మాటా కలిసింది.

రాజధాని మాలె విమానాశ్రయంలో సామాన్ల బెల్టు దగ్గర నిలబడ్డాం. మనిషి పొడుగు సంచులు, గట్టిగా జిప్పు వేసినవి, ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"గవేంది పిల్లా, పీనుగలా?"

"కాదత్తమ్మా, పలకలు. నీళ్ల మీద నిలబడే పలకలు."

"వీళ్లకు పుట్టి లేదా?"

"పడవలుంటయి. అయినా పలక మీదనే పోతరు."

ఆమె ఇంకో సంచి దాటిపోయేదాకా చూసి, "పాపం" అంది.

దీవిలో నేను అద్దెకుండేది ఒక పడవ కెప్టెన్ ఇంట్లో. సర్ఫింగ్‌కు వచ్చినవాళ్లను తన పడవలో అల దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ తీసుకొచ్చేది ఆయనే. ఆయన భార్యకు హిందీ సినిమాలు చూసి వచ్చిన హిందీ ఉంది. మా అత్తమ్మకు గద్వాల అంగడిలో ముస్లింల కొట్లలో బేరాలాడి నేర్చిన ఉర్దూ ఉంది. ఇద్దరికీ సరిగా రాని భాషలో ఇద్దరికీ చక్కగా కుదిరింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు వల కుర్చీల్లో కూర్చుని, ఒకరి కొడుకు మీద ఒకరు ఫిర్యాదులు చెప్పుకుంటూ ఉండేవాళ్లు. రోజూ చేపల చారే వండే వాళ్ల వంట విషయంలో మాత్రం అత్తమ్మ రాజీ పడలేదు. "ఉత్త చాప నీళ్లు తాగిస్తుండ్రు. చింతపండు తెల్వదు వీళ్లకు" అని, తెచ్చుకున్న తొక్కు సీసా తీసి వాళ్లందరికీ తలా కొంచెం వడ్డించింది. కెప్టెన్ ఒక ముద్ద తిని లేచి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చి ఇంకొంచెం అడిగాడు.

రెండో రోజు సాయంత్రం ఆమెను రాళ్ల గట్టు మీదికి తీసుకెళ్లి అల చూపించాను. దూరంగా తలలు నల్లటి చుక్కల్లా కనిపిస్తున్నాయి. ఒక చుక్క లేచి నిలబడి, జారుతూ వచ్చి, నురగలో మాయమైంది. మళ్లీ తేలి వెనక్కి ఈదడం మొదలుపెట్టింది.

"యాడికి పోతుండ్రు వీళ్లు?"

"యాడికీ పోరు. అల మీద జర దూరం వచ్చి, మళ్ల వెనుకకు పోతరు."

"మళ్ల?"

"మళ్ల వస్తరు."

"అవుతలి ఒడ్డు లేదా?"

"ఉన్నది. ఆఫ్రికా."

"గంత దూరం ఏం పోతరులే" అని ఆమె ఒప్పుకుంది. కానీ సమాధానపడలేదు. పుట్టివాడి ఇంట్లో నలభై ఏళ్లు ఉన్న మనిషి. నీళ్ల మీద పోయినవాడు అవతల ఏదో దింపాలి, లేదా ఇవతలికి ఏదో తేవాలి. ఆ తర్వాత రోజూ గట్టు మీదికి వెళ్లి కూర్చుని గమనించడం మొదలుపెట్టింది. వారం గడిచాక నాకు తీర్పు చెప్పింది.

"వారం సంది సూస్తున్న. ఒక్కడు గూడ ఏం తేలే, ఏం తీస్కపోలే. చాపలు గూడ పట్టరు. గింత కష్టం ఉత్తపుణ్యానికి."

ఆ గుంపులో ఒక ముసలాయన ఆమెకు ప్రత్యేకంగా చిరాకు తెప్పించాడు. ఆస్ట్రేలియా మనిషి, నీళ్ల పైపులు బిగించే పని చేసి మానేశాడట. ఏటా ఈ అలకు వస్తాడు. తెల్ల గడ్డం, బక్క కాళ్లు. అందరికంటే ముందు నీళ్లలోకి దిగి అందరికంటే ఆలస్యంగా బయటికి వస్తాడు. పడితే ఎక్కువసేపు కనిపించడు. అప్పుడు అత్తమ్మ గట్టు మీంచి సగం లేచి, తల తేలగానే తిట్టి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం సముద్రం బాగా వెనక్కి తగ్గి, దిబ్బ బయటపడింది. కెప్టెన్ భార్య చెప్పులు లేకుండా దిగొద్దని హెచ్చరించింది. నేనూ చెప్పాను.

"నేను గడ్డల పుట్టినదాన్ని. నాకు నీళ్ల సంగతి జెప్తవా నువ్వు, ట్యాంకర్ పిల్లవు" అని అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని దిగింది. కృష్ణలో బండల మీద నడిచినట్టు నడిచింది. కొంచెం దూరం చాలా హుందాగా వెళ్లింది. తర్వాత కాలు ఒక నల్లటి ముళ్లబంతి మీద పెట్టింది. అది రాయి కాదు, ప్రాణి. దాని ముళ్లు అరికాల్లో దిగి విరిగిపోతాయి. లాగితే ఇంకా చిన్న ముక్కలవుతాయి కాబట్టి వెనిగర్‌లో నానబెట్టి ఓపిగ్గా కూర్చోవాలి.

ఆమెను ఇద్దరు పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. ఉన్న రెండు మంచాల్లో ఒకదాని మీద ముసలాయన బోర్లా పడుకుని ఉన్నాడు, ఇంకో నర్సు ఆయన వీపు తోముతోంది. అత్తమ్మను రెండో మంచం మీద కూర్చోబెట్టి, కాలు వెనిగర్ గిన్నెలో పెట్టించాను. ఆయన తల తిప్పి గిన్నెలోకి చూశాడు.

"మొదటిసారా?" అని ఇంగ్లిష్‌లో ఎంతో సానుభూతిగా అడిగాడు. నేను ఆమెకు చెప్పాను.

"వాని వీపు వాన్ని సూస్కొమ్మను."

మీకు త్వరగా నయం కావాలని కోరుతోందని ఆయనకు చెప్పాను. ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకోబోయాడు. బోర్లా ఉన్నాడు కాబట్టి కుదరలేదు. తర్వాత తన మోకాలి పైన ఒక పాత మచ్చ చూపించి, ఇది ఇండోనేషియాలో అన్నాడు. మోచేతిది ఫిజీలో, నుదుటిది సమోవాలో. అత్తమ్మ అన్నీ శ్రద్ధగా చూసింది. పిండిమర బెల్టులో చెయ్యి పడి కుట్లు పడ్డ తన ముంజేతి మచ్చ చూపించి, "గద్వాల" అంది.

"గద్వాల" అని ఆయన గౌరవంగా పలికాడు. అదీ ఒక దీవి అనుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతి వారం కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. దక్షిణం వైపు మనుషులు లేని ఒక చిన్న దీవి ఉంది, దాని అంచున ఇంతకంటే పెద్ద అల పడుతుంది. సర్ఫర్లు అక్కడికి తీసుకెళ్లమంటున్నారు. పడవలోనే పడుకుని మర్నాడు రావాలి. అంతకుముందు ఒకసారి అక్కడ ఒకతనికి తల పగిలితే దీవికి తెచ్చేసరికి మనిషి సగం అయ్యాడట. ఈసారి నర్సు వెంట ఉంటే బాగుంటుందన్నాడు. మా డాక్టరు ఒప్పుకున్నాడు. నేను కుట్ల సామాను సర్దుకుంటుంటే అత్తమ్మ తన సంచి సర్దుకుంటోంది.

"నువ్వెక్కడికి?"

"నేనొక్కదాన్ని ఇంట్ల ఏం జెయ్యాలె. పడవ గద, కూసుంట."

పడవ బయటి సముద్రంలోకి వచ్చాక ఊగడం మొదలుపెట్టింది. నేను అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నాను. వైద్యసాయం కోసం తీసుకొచ్చిన మనిషికి సర్ఫర్లు మంచినీళ్లూ అల్లం బిళ్లలూ ఇచ్చారు. అత్తమ్మ ముందు భాగంలో కాళ్లు చాపి కూర్చుని ఉప్మా తింది. గాలికి కొంగు ముఖాన కొడుతుంటే తీసి నడుముకు చుట్టుకుంది. ఆమె ముఖంలో నాకు తెలియని ఏదో తీరిక కనిపించింది. ఊళ్లో ఆమె ఎప్పుడూ ఎవరినో పిలవబోతున్నట్టు ఉండేది.

ఆ దీవి అంటే కొన్ని కొబ్బరి చెట్లూ, బోలెడు పక్షులూ. దాని పక్కన అల. దాని చప్పుడు దూరం నుంచే వినిపించింది. బోరు వేసేటప్పుడు అడుగున నీళ్లు తగిలి ఒక్కసారిగా పైకి తన్నితే వచ్చే చప్పుడు అది. మా ఆయన ఉంటే సంతోషించేవాడు. సర్ఫర్లు ఒకరినొకరు చూసుకుని, కాలు జారకుండా పలకలకు మైనం రుద్దడం మొదలుపెట్టారు. భయపడ్డ మనుషులు అట్లా పనిలో పడటం ఆపరేషన్ థియేటర్ బయట చూశాను.

పొద్దున పూట బాగానే గడిచింది. మధ్యాహ్నం దాటాక అలలు పెరిగాయి. గుంపులు గుంపులుగా, ఒకదాని వెనక ఒకటి పెద్దవి వస్తున్నాయి. ముసలాయన ఒక అల ఎక్కి, దిగి, వెనక్కి ఈదుతుండగా ఆ పెద్దవాటికి దొరికిపోయాడు. మొదటిది ఆయన మీద పడింది. తేలాడు. రెండోది పడింది. ఈసారి సగం పలక మాత్రం తేలింది. అత్తమ్మ లేచి నిలబడింది. తిట్టలేదు.

తర్వాత ఆయన చెయ్యి కనిపించింది, సగం పలకను పట్టుకుని. ముఖం ఎర్రగా ఉంది.

కెప్టెన్ చిన్న రబ్బరు పడవను దించి ఇంజిన్ లాగాడు. మెడకు దెబ్బ తగిలి ఉంటే లాగేవాళ్లు ఎట్లా పడితే అట్లా లాగకూడదు, అందుకని నేను రావాల్సిందేనన్నాడు. అది సరైన మాటే. నేను లైఫ్ జాకెట్ వేసుకుని దిగాను. నా వెనకే అత్తమ్మ దిగింది.

"వద్దత్తమ్మా, పైననే ఉండు."

"నీకు ఈత రాదు గద."

అదీ సరైన మాటే. వాదించే సమయం లేదు. ఆమె నా జాకెట్ పట్టీ పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది, సంతలో మేకను పట్టుకున్నట్టు.

కెప్టెన్ అలల అంచున ఆగాడు. ఒకటి విరిగి పోయేదాకా చూసి, నురగ మీదుగా లోపలికి దూకించాడు. కింద పగడం పసుపుగా, దగ్గరగా కనిపించింది. ముసలాయన కళ్లు తెరిచే ఉన్నాయి. పేరు అడిగితే చెప్పాడు, వేళ్లు కదిలించాడు, మెడ నొప్పి లేదన్నాడు. నేను తల పట్టుకున్నాను, కెప్టెన్ నడుము పట్టుకున్నాడు, అత్తమ్మ ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో ఆయన నిక్కరునూ పట్టుకుని లాగింది. ఆయన పడవ అడుగున పడ్డాడు. అప్పుడు నేను తల ఎత్తి చూస్తే ముందు గోడ ఉంది. నీళ్ల గోడ. పైన సన్నగా వంగడం మొదలైంది.

కెప్టెన్ తిరగలేదు. నేరుగా దాని మీదికే నడిపాడు. పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది. నేను కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాను, ఏ దేవుణ్నో గుర్తులేదు. సరిగ్గా కొసన, పడవ గాల్లో ఉన్నట్టు అనిపించిన క్షణంలో, నా వెనక ఒక కేక వినబడింది. భయపడి వేసిన కేక కాదు. పెద్ద గొంతుతో, సాగదీసి, "హోయ్" అని. తర్వాత అవతలి వైపుకు జారిపోయాం.

ఎందుకు అరిచావని తర్వాత అడిగాను. తాను అరవలేదంది.

పెద్ద పడవ మీద ముసలాయనకు మత్తు సూది ఇచ్చి, నెత్తి మీద వెంట్రుకలు తీసి కుట్లు వేశాను. పడవ ఊగుతుంటే సూది నిలవదు. అత్తమ్మ కింద కూర్చుని ఆయన తలను తన రెండు మోకాళ్ల మధ్య బిగించింది. తల కదలలేదు. నేను కుట్టినంతసేపూ ఆమె తిడుతూనే ఉంది.

"ఏం మనిషివయ్యా నువ్వు! పెండ్లాం పిల్లలు లేరా నీకు? ఇంట్ల అన్నం పెడ్తలేరా? ముసలోనివి, ఒక కాడ పడుండరాదా? ఏమున్నది గా నీళ్లల్ల, నీ తాత పాతిపెట్టిన బంగారమున్నదా?"

ఆయన కళ్లు మూసుకుని ఎస్, ఎస్ అంటున్నాడు. ప్రార్థన చేస్తోందా అని నన్ను మెల్లగా అడిగాడు. అటువంటిదే అన్నాను.

కట్టు కట్టడం అయ్యాక అందరికీ టీ వచ్చింది. అలలు ఇంకా పెద్దగానే ఉన్నాయి, మిగతావాళ్లు మళ్లీ దిగడానికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అత్తమ్మ టీ గ్లాసు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"అడుగు పిల్లా. నిజంగనే అడుగుతున్న. ఎందుకు పోతవ్ అని అడుగు."

ఈసారి ఉన్నది ఉన్నట్టుగా అడిగాను. ఆయన తల మీది కట్టును వేళ్లతో తడుముకున్నాడు.

"కుర్రతనంలో ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ జవాబు మర్చిపోయాను. పోవడం మాత్రం మర్చిపోలేదు" అన్నాడు.

అత్తమ్మకు చెప్పాను. ఆమె వెటకారం చేస్తుందనుకున్నాను. టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టింది.

"మీ మామ గూడ గంతే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నీళ్ల వైపు చూస్తూ చెప్పింది. కృష్ణకు వరద వచ్చిందంటే పుట్టి దాటడం బంద్ అవుతుంది. అందరూ పుట్లు ఒడ్డుకు లాగి బోర్లించి ఇంటికి పోతారు. మా మామ మాత్రం అప్పుడే పుట్టి దించేవాడట. మనుషుల్లేరు, మేకల్లేరు. ఒక్కడే ఎక్కి, ఆ ఎర్రనీళ్లలో గిర్రున తిరుగుకుంటూ కిందికి పోయేవాడు. ఎక్కడో దిగువన ఒడ్డు దొరికినచోట దిగి, పుట్టిని నెత్తి మీద బోర్లించుకుని, పొలాల వెంట నడుచుకుంటూ పొద్దుగూకేసరికి వచ్చేవాడు. దూరం నుంచి పుట్టి కింద రెండు కాళ్లు నడిచి వస్తున్నట్టు కనిపించేదట.

"వచ్చినంక నేను కొట్లాడేదాన్ని. ఎందుకు పొయ్యినవ్ అంటె నవ్వుతుండె. జవాబు జెప్పకపాయె. ఊరంత నీ మొగనికి తిక్క అని నన్నంటుండిరి. నేను గూడ తిక్కనే అనుకున్న. లోకంల ఒక్కడే గిట్ల పుట్టిండు, గా ఒక్కడు నాకే దొరికిండు అనుకున్న."

పడవలో ఉన్నవాళ్లందర్నీ ఒకసారి చూసింది. పలకలు చంకన పెట్టుకుని దిగుతున్నవాళ్లను, తలకు కట్టుతో ఉన్న ముసలాయనను.

"ఇగ సూడు, పడవ నిండ ఉన్నరు" అంది.

ఏం చెప్పిందని ముసలాయన అడిగితే మొత్తం చెప్పాను, ఏమీ మార్చకుండా. పుట్టి ఎంత వెడల్పు ఉంటుంది, తిరగకుండా ఎట్లా ఆపుతారు అని ఆయన అడిగాడు. ఆపరు, అదే తిరుగుతుంది అని ఆమె చెప్పింది. ఇద్దరూ చేతులతో గాల్లో గుండ్రాలు గీసుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు. మధ్యలో నా అవసరం లేకపోయింది.

దీవికి తిరిగి వచ్చాక ఆమె గట్టు మీద కూర్చోవడం మానలేదు. కానీ తీర్పులు ఆగిపోయాయి. ఒకసారి ఒక అమ్మాయి చాలాసేపు పడకుండా అల కొసదాకా వచ్చినప్పుడు, "బాగొచ్చింది" అంది, అన్నం బాగా ఉడికిందన్నంత మామూలుగా.

వెళ్లడానికి రెండు మూడు రోజుల ముందు, దీవి లోపలి వైపు, ఇసుక అడుగున్న ప్రశాంతమైన చోట కెప్టెన్ పిల్లలకు నేర్పే పెద్ద మెత్తటి పలక ఒకటి తెచ్చి పెట్టాడు. ఎవరు తెమ్మన్నారో నాకు తెలియదు. అత్తమ్మ చీరను వరినాట్లప్పుడు కట్టినట్టు గోచీ పోసి కట్టి తయారుగా ఉంది. కెప్టెన్ భార్య ఒడ్డున ఫోన్ పట్టుకుని ఉంది. ముసలాయన తల తడవకూడదన్న నా మాటను ఆ ఒక్కరోజు పాటించి, నడుము లోతులో నిలబడి ఉన్నాడు.

"నిలబడ. బోర్ల పండుకుంట. తొయ్యమను" అంది.

వెనక నుంచి చిన్న నురగ అల ఒకటి వచ్చింది. నడుము ఎత్తు కూడా ఉండదు. కెప్టెన్ తోశాడు. పలక కదిలింది, తర్వాత అల దాన్ని తన చేతిలోకి తీసుకుంది. మా అత్తమ్మ తల ఎత్తి, రెండు చేతులా అంచులు పట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని, ఒడ్డు దాకా వచ్చింది. పలక ఇసుకలో గుచ్చుకుని ఆగింది. ఆమె లేవలేదు. దెబ్బ తగిలిందేమోనని నేను పరుగెత్తాను.

"ఏమైందత్తమ్మా?"

"ఏం గాలే. వెనుకకు గుంజుకపొమ్మను."

అట్లా ఎన్నిసార్లు పోయిందో నేను లెక్కపెట్టలేదు. మసీదు నుంచి సాయంత్రం నమాజు పిలుపు వినపడ్డాక కెప్టెన్ తనకు ఆలస్యమవుతోందని బతిమాలాడు.

ఆమె గద్వాల వెళ్లిపోయింది. ఊళ్లో ఏం చెప్పావని ఫోన్‌లో అడిగితే, కోడలు ఉన్నదని చెప్పిన అంది. సముద్రం గురించి అడిగినవాళ్లకు పెద్దగా ఉందని, ఉప్పగా ఉందని చెప్పిందట. పలక సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కానీ కెప్టెన్ భార్య నన్ను ట్యాగ్ చేసి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఖిల్లా ఘణపూర్‌లో ఉండే మా ఆడబిడ్డ దాన్ని చూసి వాళ్లన్నకు పంపింది. మా ఆయన బోరు వేస్తున్న చోటి నుంచే ఫోన్ చేశాడు. వెనక మిషను చప్పుడుకు సగం మాటలు వినపడలేదు.

"గా పలక మీద పండుకున్నది మా అమ్మనేనా?"

"అవును."

"ఎవలన్న బలవంతం జేసిండ్రా?"

"లేదు. దిగమన్నా దిగలే."

ఆయన మిషనుకు దూరంగా నడిచినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"నీకొకటి జెప్త. మా నాయిన ఒకసారి నన్ను గూడ తీస్కపొయ్యిండు. వరదల, పుట్టిల గూసుండబెట్టి. అప్పుడప్పుడే బడిల ఏసిండ్రు నన్ను."

"భయం కాలేదా?"

"మస్తు భయమైంది. దిగినంక, మల్ల పోదాం నాయినా అన్న."

"మరి అత్తమ్మకు?"

"తెల్వదు. తెలిస్తే మా ఇద్దర్ని గా వరదల్నే కలిపేస్తుండె. పొలంకాడ ఉన్నమని జెప్పినం." మిషను చప్పుడు మళ్లీ దగ్గరవుతుంటే, "నువ్వు జెప్పకు" అన్నాడు.

సరేనన్నాను. ఇప్పటిదాకా చెప్పలేదు. ఆమెకు ఎప్పుడో తెలిసే ఉంటుందని నా అనుమానం. తడిసిన బట్టలు ఉతికింది ఆమే కదా.

నా కాంట్రాక్టు ముగిసింది. మళ్లీ వనపర్తిలో, పాత ఆస్పత్రిలోనే చేరాను. ఇక్కడ వీపులు తోమే పని లేదు. మొన్న అత్తమ్మ మోకాళ్ల నొప్పులంటే రప్పించి ఎక్స్‌రే తీయించాను. డాక్టరు వెలిగే లైటు పెట్టె ముందు ఫిల్ము పట్టుకుని చూసి, కింద కూర్చోవద్దు, మెట్లు ఎక్కువ ఎక్కవద్దు, బరువులు ఎత్తవద్దు అన్నాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది. లేచి వచ్చేముందు తలుపు దగ్గర ఆగింది.

"సారూ, బోర్ల పండుకోవచ్చునా?"

పడుకోవచ్చన్నాడు. ఆమె సరేనని బయటికి నడిచింది.